వేణ్ణీళ్లతో కడిగిన తరవాణి కుండ

గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో, కంటికి కనపడనిదాన్ని పూచికపుల్లలా తీసిపారేసే పేర్రాజు అనే హరిదాసు ఉండేవాడు. డెబ్బై దాటినా చిడతలు పట్టాడంటే తెల్లవార్లూ కథ చెప్పేవాడు. అబ్బ, ఏం గొంతు! ఏం జ్ఞాపకం!

వాళ్ల అమ్మ పెట్టిన తరవాణి కుండను అక్క భ్రమరాంబ కాపాడుకుంటూ వచ్చేది. రోజూ గంజి పోసి పులియబెట్టేది. పొద్దున్నే ఆ పుల్లటి నీళ్లలో నానిన అన్నం, ఓ ఆవకాయ బద్ద. అదే ఆ ఇంటి ఫలహారం.

ఓసారి పట్నంలో పేర్రాజుకి శాలువా కప్పారు. ఇంకేం, గర్వం నెత్తికెక్కింది!

"శాలువా కప్పించుకున్నవాడు పాచి గంజి తాగుతాడా అక్కయ్యా?" అంటూ కుండను వేణ్ణీళ్లతో కడిగి బోర్లించాడు.

"ఒరే, అందులో ప్రాణం ఉందిరా!" అంది భ్రమరాంబ.

"ఏదీ, చూపించు!" అని నవ్వాడు.

ఇక పొద్దున్నే కాఫీ, బిస్కట్లే. నెలలు గడిచేసరికి కడుపు ఉబ్బరం, నిద్రలేమి, ముక్కు మీద కోపం. దసరా పందిట్లో కథ మధ్యలో పద్యం మరిచిపోయాడు. ఎంత తడుముకున్నా ఒక్క ముక్క రాలేదు. ఇంటికొచ్చి చిడతలు అటకెక్కించాడు.

"నా పని అయిపోయిందక్కయ్యా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాక్టరు పరీక్షలు చేసి, పెద్ద జబ్బేమీ లేదన్నాడు. ఏం తింటున్నారో అడిగాడు. తరవాణి మానేసిన సంగతి భ్రమరాంబ చెప్పింది.

"మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులున్నాయండీ. వాటికీ మన మనసుకీ లంకె ఉందంటున్నారు. పులిసిన తిండి వాటికి మేలు చేయొచ్చు. హామీ ఇవ్వలేను గానీ, పాత అలవాటు మళ్లీ మొదలుపెట్టి చూడండి," అన్నాడు.

కుండేమో ఖాళీ! భ్రమరాంబ వెనకవీధి వరహాలమ్మ ఇంటికి పరుగెత్తింది. వరహాలమ్మ కొత్తకోడలిగా వచ్చినప్పుడు పేర్రాజు వాళ్లింటి తరవాణే ఓ చెంబుడు పోసి కుండ పెట్టుకుంది.

"మీ అమ్మగారు ఇచ్చిందేనమ్మా, ఇంకా నడుస్తోంది," అంటూ వరహాలమ్మ చెంబు నింపి ఇచ్చింది.

ఆ తరవాణి పోసిన కుండ మళ్లీ పులిసిన రోజున పేర్రాజు దానికి చెవి ఆనించాడు. లోపల సన్నగా బుసబుసమని చప్పుడు.

"అక్కయ్యా! ఇది ఊపిరి పీలుస్తోంది! అమ్మ పోయి ఇన్నేళ్లయినా అమ్మ పెంచిన ప్రాణాలు పోలేదే!" అంటూ చేతులు జోడించాడు.

మెల్లగా కడుపు తేలికపడింది. నిద్ర పట్టింది, కోపం తగ్గింది. ఉగాదికి చిడతలు అటక దిగాయి. మరిచిన పద్యం దగ్గరికి రాగానే భ్రమరాంబ ఊపిరి బిగబట్టింది. పేర్రాజు గొంతెత్తాడు, ఎక్కడా తడబడకుండా పద్యం పూర్తిచేశాడు. అది తరవాణి చలవో, కుదిరిన నిద్ర చలవో డాక్టరూ తేల్చి చెప్పలేకపోయాడు. కుండను మాత్రం ఆ ఇంట్లో ఇంకెవరూ బోర్లించలేదు.

నీతి: కంటికి కనపడలేదని దేన్నీ చులకన చేయకూడదు, మనల్ని నిలబెట్టేవాటిలో చాలావరకు కంటికి కనపడనివే.