గంటల రాణి మెళ్ళో గంట ఎవరిది?

అనగనగా ఒక ఊళ్ళో అంటాను గానీ, ముందు ఆ బొమ్మల పుస్తకం మూసి ఇలా జరుగు. ఆకాశంలో ఎగిరొచ్చి అందర్నీ కాపాడే నీ గంటల రాణి పుట్టగానే ఎగిరిందనుకున్నావా? అయ్యో నా తల్లీ! అప్పుడామె పేరు చుక్కమ్మ. నీ అంత పిల్ల. అమ్మా నాన్నా లేరు, తాత బీరయ్యే పెంచాడు. గొర్రెలు కాసేవాడు. పాపం, ఆయనకి చెవులు వినపడవు.

మందకి ముందు ఒక పెద్ద పొట్టేలు నడిచేది. వాడి పేరు కర్రిగాడు. మెడలో ఇత్తడి గంట. కొండ మీద మబ్బు దిగితే గొర్రెలకి దారి కనపడదు కదా, అప్పుడవి ఆ గంట చప్పుడు పట్టుకునే నడుస్తాయి. అందుకే దాన్ని ఎవరూ విప్పకూడదు.

చుక్కమ్మకేమో ఆ గంటంటే ప్రాణం. ఒకరోజు సాయంత్రం విప్పి, తన మెళ్ళో కట్టుకుని గంతులేసింది. ఆ తర్వాత అలాగే నిద్రపోయింది. ఇంకా చీకటుండగానే తాత మందని తోలుకుపోయాడు. గంట మోగట్లేదని ఆయనకెలా తెలుస్తుంది?

అప్పుడు మబ్బు దిగింది. వానా మొదలైంది. చుక్కమ్మ లేచి మెడ తడుముకుంది. గంట తన దగ్గరే ఉండిపోయింది! "ఎంత పని చేశాను దేవుడా!" అంటూ కొండకేసి పరిగెత్తింది.

తాతని పిలిచి ఏం లాభం? ఒక రాతిబండ మీదికెక్కి గంట ఊపింది. తల్లి గొర్రెలు వచ్చాయి. మళ్ళీ ఊపింది. ఆ తర్వాత పిల్లలు వచ్చాయి, గజగజా వణుక్కుంటూ. చేతులు బొబ్బలెక్కినా మూడోసారీ ఊపింది. అప్పుడొక ముసలి గొర్రె వచ్చింది. దాని వీపు మీద చెయ్యేసుకుని తాత వచ్చాడు.

చుక్కమ్మ వెక్కివెక్కి ఏడుస్తూ గంట ఆయన చేతిలో పెట్టింది. తాత తిట్టలేదు, కొట్టలేదు. "కర్రిగాడేడే?" అన్నాడు, అంతే.

కర్రిగాడు రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మందకి ముందు నడిచిన జీవం తల్లీ, ఇంకొకరి గంట వెనకాల రావడం వాడికేం తెలుసు?

తాత ఆ గంట ఇంకో పొట్టేలుకి కట్టలేదు. చుక్కమ్మ మెళ్ళోనే కట్టి, "ఇంక ముందు నడవాల్సింది నువ్వే" అన్నాడు. అప్పట్నుంచీ తప్పిపోయిన వాళ్ళ ఏడుపు ఎంత దూరాన ఉన్నా ఆ పిల్లకి వినపడేది. విన్నప్పుడల్లా పరిగెత్తేది. అలా పరిగెత్తీ పరిగెత్తీ, ఒకనాడు కాళ్ళు నేల విడిచాయి.

"మరి కర్రిగాడు దొరికాడా అమ్మమ్మా?"

లేదమ్మా. ఆమె ఇంకా వాడి కోసమే తిరుగుతోంది. దారిలో కనపడ్డ వాళ్ళందర్నీ ఇళ్ళకి చేరుస్తోంది.

మంద చేరె దొడ్డికి,
కథ చేరె కంచికి,
కళ్ళు మూసి నువ్వూ పో
నిద్దరమ్మ ఇంటికి.