వంచని కుండ

కొండమీద ఒక ఊరుంది. ఆ ఊళ్లో బావి లేదు, కోటగుమ్మం పక్కన రాతితొట్టి మాత్రం ఉంది. ఊరివాళ్లే కాదు, ఊళ్లో ఉండటానికి అనుమతి పొందిన బయటివాళ్లు కూడా ఏడాదికోసారి కాపలా ముసలాయన ఎదుట తాగిన నీళ్ల లెక్కకని తమ కుండను ఆ తొట్టిలోకి వంచి తీరాలి. ఏళ్లతరబడి అలా వంచిన బయటివాళ్ల పేరు చివరికి గుమ్మం రాతిమీద చెక్కుతారు. పేరు చెక్కాక ఆ మనిషిని ఊళ్లోంచి ఎవరూ పొమ్మనలేరు.

అలా అనుమతి మీద ఉంటున్న మొగుడూ పెళ్లామూ కూలి కోసం ఏరు దాటి అవతలి ఊరికి వెళ్లారు. చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయారు. తాగిన నీళ్లకు ఇవ్వవలసింది అక్కడి తొట్టికే ఇచ్చుకున్నారు. కొండకు ఒక్క చుక్క బాకీ లేరు.

అయినా పెళ్లాం ఏటా కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కేది.

"ఉత్తి కుండ మోయడానికి ఇంత దూరమా? దార్లో గాలి నింపుకుంటావా ఏమిటే?" అని మొగుడు నవ్వేవాడు.

"ఉత్తిదని నీకూ నాకూ తెలుసు. ఆ ముసలాయనకి ఎవరు చెబుతారయ్యా?" అనేది ఆమె.

ఒక ఏడు కొండ దండోరావాడు ఏటి ఒడ్డుకే వచ్చాడు. "కొండవాళ్లంతా కుండలు వంచాలహో!" అని డప్పు కొట్టాడు. మొగుడు అప్పుడే అన్నం తిని నడుం వాల్చాడు. లేవబుద్ధి కాలేదు.

"నేను కొండవాణ్ణి కాదులే అన్నా, ఏటివాణ్ణి. ముందుకి పో!" అన్నాడు పడుకునే.

దండోరావాడు తలూపి వెళ్లిపోయాడు.

పేరు చెక్కే ఏడు వచ్చింది. ఇద్దరూ కూలి చాలించి బయల్దేరారు. మొగుడు తను వంచని ఏళ్లన్నిటికీ కలిపి ఒకేసారి వంచేద్దామని సంతలోకెల్లా పెద్ద కుండ కొని, అంచుదాకా నీళ్లు నింపి, తొణక్కుండా కొండెక్కించాడు. వెనకే పెళ్లాం తన పాతకుండతో వచ్చింది.

ముసలాయన ముందు ఆమెను పిలిచాడు. ఆమె కుండ వంచింది. చుక్క రాలలేదు.

"అందింది తల్లీ" అన్నాడాయన. ఉలి ఠంగుమంది. ఆమె పేరు రాతికెక్కింది. గుమ్మం తెరుచుకుని, ఆమెను లోపలికి తీసుకుని మూసుకుంది.

మొగుడు హుషారుగా ముందుకొచ్చాడు. "నాది నిండుకుండ తాతా!"

ముసలాయన తొట్టికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఇందులో కొండవాళ్లే వంచాలి నాయనా."

"నేను కొండవాణ్ణేగా!"

"కాదన్నావుగా, ఏటి ఒడ్డున."

మొగుడు కుండ కింద పెట్టేశాడు. "అది మాటవరసకన్నాను తాతా! నేను మీకు చుక్క కూడా బాకీ లేనే!"

"లేవు. బాకీ అని ఎవరన్నారు? కాదని నువ్వే చెప్పావు, మేం నమ్మాం. నీ అనుమతి ఆనాడే పోయింది. పొద్దుగూకేలోపు దిగిపో. ఆ నీళ్లు దార్లో తాగు."

మొగుడు కుండ మళ్లీ చేతుల్లోకి తీసుకున్నాడు. మూసిన తలుపుకేసి చూశాడు. ఉన్నట్టుండి నీళ్లన్నీ గుమ్మం ముందు కుమ్మరించాడు. మట్టి వాటిని తాగేసింది. ఉత్తి కుండను రెండు చేతులా పైకెత్తాడు, రాతికేసి బద్దలు కొట్టడానికి.

గోడ అవతలనుంచి పెళ్లాం గొంతు వినిపించింది.

"ఏమయ్యోయ్! కుండ మాత్రం పగలగొట్టకు! మళ్లీ మొదట్నుంచి వంచడానికి కావాలి!"

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. కుండలో మిగిలిన చుక్కలు ఒక్కొక్కటే అతని నెత్తిమీద పడుతున్నాయి.