వలీ మాస్టారి కుర్చీ

మా హైమవతి పిన్ని కాలేజీలో లైబ్రేరియన్‌గా పనిచేస్తూనే గ్రంథాలయశాస్త్రంలో పీహెచ్‌డీకి చదివింది. థీసిస్ పూర్తయింది, బైండింగూ అయింది. ఇక గైడు వలీ మాస్టారు సంతకం పెట్టడమే మిగిలింది. ఆయన పెట్టడం లేదు.

యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న ఆయన గదికి వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే, ఈ చదువు ఎందుకమ్మా అని. జ్ఞానానికి సేవ చేద్దామని అంది ఒకసారి. పాఠకుల కోసమని అంది ఇంకోసారి. అంతా విని, నమాజు వేళయిందని లేచి వెళ్ళిపోయేవారు.

గడువు దగ్గరపడింది. ఆ రోజు పొద్దున పూజలో కూడా మనసు నిలవలేదట పిన్నికి. ఆయన మళ్ళీ అదే అడిగేసరికి ఏడ్చేసింది. తమ కాలేజీ స్టాఫ్‌రూంలో తనకంటూ కుర్చీ లేదని, గుమ్మంలో కనబడగానే "తాళాలమ్మ వచ్చింది" అంటారని చెప్పింది. పుస్తకాలు దులపడానికి కూడా ఒక శాస్త్రమా అని తెలుగు లెక్చరరే నవ్వాడట.

"పేరు ముందు డాక్టరని ఉంటే కుర్చీ వేస్తారు మాస్టారూ. అందుకే చదివాను."

వలీ మాస్టారు లేచి తన కుర్చీ చూపించారు. పిన్ని వద్దంటే వినలేదు. ఆమెను అందులో కూర్చోబెట్టి, తాను బయటి లైబ్రరీ కౌంటరు కనబడే గుమ్మం పక్కనున్న బల్ల దగ్గర నిలబడి ప్రతులన్నిటి మీదా సంతకాలు మొదలుపెట్టారు.

మెత్తటి కుర్చీ. నెత్తిన ఫ్యాను. ఎదురుగా గోడ, గోడ మీద అద్దం బిగించిన ఆయన డాక్టరేటు పట్టా. పిన్నికి ఏడుపు ఆగిపోయింది. వీపు వెనక్కి వాల్చింది.

"బాగుందా అమ్మా?"

"బాగుంది మాస్టారూ."

ఆయన కలం మూసి, ప్రతులు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు.

"అటెండరు టీకి వెళ్ళినట్టున్నాడు. ఎవరో పెద్దాయన పుస్తకం కోసం వచ్చాడు. కౌంటరు దగ్గర ఎప్పటినుంచి నిలబడ్డాడో ఏమో, నేను తలెత్తేసరికి మెట్లు దిగిపోతున్నాడు."

పిన్ని ప్రతులు అక్కడే పెట్టి గబగబా వరండాలోకి వెళ్ళింది. మెట్ల మీద ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి మాస్టారు ఇంకా ఆ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు.

"ఈ కుర్చీలోంచి ఆయన కనబడలేదు మాస్టారూ" అంది పిన్ని.

"నాకూ ఇన్నేళ్ళూ కనబడలేదమ్మా."