కాగుతో పాటు వెళ్ళిన గ్లవ్స్

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

మా ఎగువలోవలో ఈసారి చలి మామూలుగా లేదు. నిన్న మా పక్కింటి సూరమ్మ నా శాలువాయే కప్పుకుని వచ్చి, "నీకు చలెయ్యట్లేదా వదినా?" అని జాలిపడి వెళ్ళింది. సూరమ్మ సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది. అదిగో, పాలు పొంగిపోయాయి. సరే, కథకొద్దాం.

మా ఊళ్ళో పైడమ్మకి ముగ్గురు కొడుకులు: ఎర్రునాయుడు, దేముడు, గవరయ్య. "మా పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు. బుర్రంటే అదీ!" అని ఆవిడకి గొప్ప. నిజమే. గేదెని ఓ కంట కనిపెట్టమంటే, రెండో కన్ను చేత్తో మూసుకుని కాపలా కాశారు.

బడిలో డ్రిల్లు మాస్టారు వీళ్ళకి ఫ్రిస్బీ ఆట నేర్పారు. ప్లాస్టిక్ పళ్ళెం గాల్లో విసురుకోవాలి. పళ్ళెం చేతిలో ఉండగా పరిగెత్తకూడదు, తనవాడికి విసరాలి. గీత అవతల పట్టుకున్నవాళ్ళది గెలుపు. అంపైరుండడు. ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. అలాంటి ఆట మా ఊళ్ళో ఎలా సాగుతుందా అని నాకూ అనుమానమే.

ఇంకేముంది, పక్కూరు దిగువలోవ సోంబాబుతో పందెం కాశారు. ఓడినవాళ్ళు నీళ్ళు కాచుకునే రాగి కాగు ఇచ్చెయ్యాలి.

"ఒరే, కాగు పోతే ఈ చలిలో చన్నీళ్ళు పోసుకుని చస్తానురా!" అంది పైడమ్మ.

"ఓడితే కదే అమ్మా," అన్నాడు ఎర్రునాయుడు.

చలికి వేళ్ళు కొంకర్లు పోయి పళ్ళెం జారిపోతోంది. మాస్టారన్నారు: "గ్లవ్స్ కొనుక్కోండి. లావువి వద్దు. తొడుక్కుని చొక్కా బొత్తాం పెట్టగలిగితే అవి మంచివి. చేతికి అతుక్కుపోయినట్టుండాలి."

అంతే, సంతకెళ్ళారు. ముగ్గురి ఒంటి మీదా స్వెట్టర్లే, బొత్తాల్లేవు. అందుకని కొట్టువాడి చొక్కా పట్టుకున్నారు.

"ఏటిది? వదలండి బాబూ!"

"కదలకు మావయ్యా. సరుకు చూసుకోవద్దూ?"

ఒకడు విప్పడం, ఒకడు పెట్టడం. కొట్టువాడు మూడు జతలు మొహాన కొట్టి తరిమేశాడు.

ఇంటికొచ్చాక గవరయ్య దిగులుపడ్డాడు. "అన్నయ్యా, ఇవి అతుక్కోలేదు. ఊరికే ఉన్నాయి."

"పనస జిగురు లేదేటిరా?"

లోపలా పూశారు, బయటా పూశారు.

ఆట మొదలైంది. పళ్ళెం దేముడి చేతికి తగిలి ఆగిపోయింది.

"విసరరా!"

"విసిరాను. వెళ్ళట్లేదు."

లాగడానికి గవరయ్య వచ్చాడు, అతుక్కున్నాడు. ఇద్దరినీ లాగడానికి ఎర్రునాయుడు వచ్చాడు, అతనూ అతుక్కున్నాడు.

"విసరకుండా అట్టేపెట్టుకోవడం తప్పు కదూ?" అన్నాడు సోంబాబు.

"తప్పే బావూ. ఓడిపోయాం."

సోంబాబు కాలు తన్నిపట్టి ముగ్గురినీ విడదీసి పళ్ళెం పీక్కున్నాడు. అన్నదమ్ములు మర్యాదగా కాగుని మూడు పక్కలా పట్టుకుని అందించారు. అంతే, గ్లవ్స్ కాగుకి అతుక్కున్నాయి, చేతులు గ్లవ్స్‌కి అతుక్కున్నాయి. సోంబాబు కాగునీ ముగ్గురినీ ఒకే ఆటోలో ఎక్కించుకుపోయాడు.

అక్కడ సోంబాబు పెళ్ళాం కాగు కింద మంట పెట్టబోతే, "చేతులు కాల్తాయి వదినా," అంటారు. అన్నం మాత్రం కలిపి నోట్లో పెట్టాలి. ముగ్గురికీ ఆకలెక్కువ.

"మీరే గెలిచారు నాయనా, పట్టుకుపొండి," అని దండం పెట్టాడు సోంబాబు.

"అబద్ధం బావూ. అంపైరు లేడు కదా, మేమే నిజం చెప్పాలి."

"పోనీ మళ్ళీ ఆడదాం. ఈ కాగే పళ్ళెం అనుకోండి. గీత దాటితే గెలిచినట్టే. మేం అడ్డు రాం."

కబురంది వచ్చిన పైడమ్మ గీత అవతల నిలబడి చేతులు చాచింది. ముగ్గురూ కాగుతో పరిగెత్తారు. గీత దాటారు. ఆవిడ కాగుని ముద్దు పెట్టుకోబోతుండగా ఎర్రునాయుడు ఆగి ఆలోచించాడు.

"బావూ, చేతిలో పట్టుకుని పరిగెత్తేశాం. తప్పు. మళ్ళీ ఓడిపోయాం."

ఆ సాయంత్రమే పైడమ్మ పెట్టె సర్దుకుని కొడుకుల దగ్గరికి దిగువలోవ వెళ్ళిపోయింది. నలుగురినీ పోషించలేక సోంబాబు, పెళ్ళాం ఎగువలోవకొచ్చి పైడమ్మ ఇంట్లో దిగారు.

పైడమ్మ రోజూ సోంబాబు వదిలేసిన పాత కాగులో కాచుకుని వేన్నీళ్ళు పోసుకుంటోంది. ఇక్కడ కాగు లేని ఇంట్లో సోంబాబు చన్నీళ్ళు పోసుకుంటున్నాడు.