బిరుదు లేని రాజకుమారుడు

ఏ కాలమో చెప్పలేను గానీ, పిల్లలూ, యవద్వీపంలో ఒక రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పట్టపురాణి కొడుకు, అందుకని అందరూ అతన్ని ‘పంగేరన్’ అనే బిరుదుతో పిలిచేవారు. రెండోవాడు చిన్నరాణి కొడుకు, అతన్ని ‘రాదెన్ మాస్’ అనేవారు. మూడోవాడి తల్లి అంతఃపురంలో బట్టలు నేసే ఆవిడ. అతన్ని వంటవాళ్లు కూడా ఒట్టి ‘తిర్తా’ అనే పిలిచేవారు. పిలిచినప్పుడల్లా అతనికి మనసు చివుక్కుమనేది.

ఇలా ఉండగా బలిద్వీపపు రాకుమారి సెకర్‌ను ఒక మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల నిప్పుకొండ మీద దాచాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు.

“నాన్నగారూ, నన్ను పంపండి” అన్నాడు తిర్తా.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, అది అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దింపుతూ ఇలా చెప్పింది: “బాబూ, ఆ మాంత్రికుడు మనుషుల్ని బిరుదు పెట్టి పిలుస్తాడు. పలికినవాడు రాయైపోతాడు. మీ అన్నలిద్దరూ అలాగే రాళ్లయ్యారు. వాడి ప్రాణం కొండ అంచున కొబ్బరిచెట్టు మీదున్న చిలకలో ఉంది. చిలక చేతికి దొరికేదాకా నోరు మెదపకు.”

తిర్తా చెట్టెక్కుతుంటే మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు.

“పంగేరన్!” అని పిలిచాడు. అది పెద్దన్న బిరుదు. తిర్తా ఎక్కుతూనే ఉన్నాడు.

“రాదెన్ మాస్!” అన్నాడు. అది చిన్నన్నది. తిర్తా ఎక్కుతూనే ఉన్నాడు.

అప్పుడు మాంత్రికుడు చేతులు జోడించి, ఎంతో మెత్తగా, “గుస్తి తిర్తా! మా ప్రభూ!” అన్నాడు.

పుట్టి ఇరవై ఏళ్లయినా అతన్ని అలా పిలిచినవాళ్లే లేరు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ‘ఆఁ’ అనే మాట గొంతు దాకా వచ్చేసింది. రక్తం వచ్చేలా పెదవి కొరుక్కుని, ఒక్క ఊపున పైకెగిరి చిలకను పట్టేశాడు.

“ఇప్పుడు పలుకుతున్నాను, విను! మా అన్నల్ని లేపు. రాకుమారిని వదులు!”

మాంత్రికుడు మంత్రం చదివాడు. రాళ్లు మనుషులయ్యాయి. సెకర్ గుహలోంచి బయటికొచ్చింది. తిర్తా చెట్టు దిగగానే వాడు కత్తి దూసి మీదికి దూకబోయాడు. తిర్తా చిలక మెడ విరిచేశాడు. మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు.

“మీ బిరుదేమిటి?” అని అడిగింది సెకర్.

తిర్తా తలదించుకున్నాడు. పెద్దన్న ముందుకొచ్చి, తమ్ముడి ఎదుట నేల మీద కూర్చుని, రెండు చేతులూ నుదుటి దాకా ఎత్తి దండం పెట్టాడు.

“మా గుస్తి ఇతనేనమ్మా” అన్నాడు.

తాబేలు అందరినీ ఇంటికి చేర్చాక రాజు ఆ మాటే ఖాయం చేశాడు. తిర్తాకూ సెకర్‌కూ తొమ్మిది రోజులు పెళ్లి జరిగింది. పట్టపురాణి తిర్తా తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. తిర్తా, సెకర్ నలభై ఏళ్లు రెండు దీవులనూ ఏలారు. వాళ్ల కాలంలో ధాన్యం గాదెల్లో పట్టేది కాదట, ఆకలితో పడుకున్న బిడ్డే లేదట.