మొగిలివాగు దాచిన నీళ్లు

ఒకప్పుడు వాగులకు దాచుకోవడం తెలియదు. వానాకాలం తెచ్చిన నీళ్లన్నీ పైపైనే పారేవి. ఎండాకాలం రాగానే సూరీడు వంగి అడుగంటా తోడుకుపోయేవాడు. ఇసుకలో చెంచాడు తడి కూడా మిగిలేది కాదు. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ రోజుల్లో ఎండిన వాగులో ఎంత లోతు తవ్వినా పొడి దుమ్మే వచ్చేది.

అప్పట్లో వాగులు మనుషులతో మాట్లాడేవి కూడా. మొగిలివాగు అయితే మరీ మాటకారి. ఒడ్డు పొడవునా మొగిలి పొదలుండేవి కాబట్టి దానికా పేరు. పొద్దున్నే బిందెతో వచ్చిన వాళ్లందరినీ పేరుపేరునా పలకరించేది. ఎవరింట్లో ఏం కూర వండారో కూడా దానికి తెలియాల్సిందే. ఇంత మాట్లాడుతుందా, ఎవరైనా ఏదైనా ఇస్తే మాత్రం వద్దని చెప్పడానికి దానికి నోరు రాదు. ఒట్టి మొహమాటస్తురాలు.

ఆ వాగు పక్కన పాతిక గడపల ఊరుండేది. వాగు ఎండిపోగానే ఊరంతా తట్టాబుట్టా సర్దుకుని, గొడ్డూగోదా తోలుకుని, ఐదు రోజులు నడిచి పెద్దేటి దగ్గరికి పోయేది. తొలకరి పడ్డాక మళ్లీ వచ్చేది. ఐదు రోజులూ మండుటెండే. దారిలో చెట్టూ చేమా ఉండేవి కావు. ముసలివాళ్లూ పసివాళ్లూ ఆ దారికి తట్టుకోలేకపోయేవాళ్లు.

అందుకే వాగులో నీళ్లున్నన్నాళ్లూ ఆ ఊరికి వాగంటే ప్రాణం. వానలు వెనకబట్టి నీళ్లు తేటపడ్డాక, ఒక రోజు చూసుకుని వాగుపండుగ చేసేవాళ్లు. ఇంటికొక మట్టి గుర్రాన్ని తెచ్చి నీళ్లలో దించేవాళ్లు. వాగు ఎక్కడెక్కడో తిరిగి తిరిగి అలసిపోతుంది కదా, ఎక్కి రావడానికి ఒక గుర్రం ఉండాలని వాళ్ల ఆలోచన. ఆ గుర్రాన్ని ఆవంలో కాల్చేవాళ్లు కాదు. కాలిస్తే రాయిలా అలాగే పడి ఉంటుంది. పచ్చిదైతే కరిగి కలిసిపోతుంది. కరిగిందంటే వాగు మనసారా పుచ్చుకున్నట్టే.

ఈ గుర్రాలన్నీ చేసేది లింగవ్వ. ఆమె కుమ్మరి. ఆమె చేతిలో పడితే మట్టికి కూడా మూతి, చెవులు, పొగరు వచ్చేసేవి.

మొదట్లో గుర్రం పిడికెడంతే ఉండేది. ఒక ఏడు ఎవరో జూలు పెట్టించుకున్నారు. మరుసటి ఏడు పక్కింటివాళ్లు జీను కూడా పెట్టించుకున్నారు. ఆ తర్వాత ఊరుకుంటారా? మేకపిల్లంత అయింది, దూడంత అయింది. ఊరిపెద్ద ఆశయ్య ఇంటి గుర్రాన్నయితే నలుగురు మోయాల్సి వచ్చింది. మోసేవాళ్ల నడుములు పడిపోతున్నా ఆశయ్య మీసం మాత్రం పైకే ఉండేది. లింగవ్వ కూడా లోలోపల మురిసిపోయేది. ఊరంతా తన పనితనాన్నే కదా నీళ్లలో దించుతోంది.

ఈ సంబరంలో ఒక సంగతి ఎవరికీ పట్టలేదు. వాగు ఏటేటా ముందుగా ఎండిపోతోంది. వెనకటికి ఉగాది దాటినా పారేది. తర్వాత శివరాత్రికే సన్నబడింది. కిందటేడు మాఘం రాకముందే ఊరు మూటలు కట్టుకుంది.

లింగవ్వకు మాత్రం ఈసారి గుండెల్లో రాయి పడింది. ఆమె కూతురు కనకవ్వకు నెల తప్పింది. ఉగాదికి అటూ ఇటూగా కాన్పు. రెండేళ్ల కింద కనకవ్వ తొలిచూలు బిడ్డను ఎత్తుకుని ఇదే దారిలో నడిచింది. ఆ బిడ్డ మూడో రోజు ఎండకు తాళలేకపోయింది. దారి పక్కనే ఒక రాయి పెట్టి వచ్చారు. ఆ రాయి తలుచుకుంటే లింగవ్వకు అన్నం దిగేది కాదు. ఈ బిడ్డనైనా ఆ దారి ఎక్కించకూడదు. అలా కావాలంటే వాగులో నీళ్లుండాలి.

పండుగ ఇంకా పది రోజులుందనగా లింగవ్వ వాగు దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఏడాదికేడాది ఎందుకింత తొందరగా వెళ్లిపోతున్నావని అడిగింది. వాగు అదీ ఇదీ మాట్లాడింది. కనకవ్వకు పుల్లటివి తినబుద్ధవుతోందా అని ఆరా తీసింది. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి ఏం లేదక్కా అంటూ రాళ్లచాటుకు తప్పుకుంది.

అప్పుడు ఒడ్డున ఒక ఎండ్రకాయ బయటికొచ్చింది. ఆ వాగులో మొహమాటం లేనిది అదొక్కటే.

"ఏం లేదట. ఇది చెప్పదు, నేనే చెప్పాలె. ఓ కుమ్మరవ్వా, నీ గుర్రాలన్నీ దీని పీక మీద కూసున్నయి. అడుగున ఇసుక యాడుంది? అంతా బంకనే. బొక్క చేసుకుందామంటే నా కాళ్లు అతుక్కుంటున్నయి."

లింగవ్వ మోచేతిదాకా నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది. ఆమె వేళ్లకు మట్టి సంగతి వేరే చెప్పాలా? అది తాను పిసికిన మట్టే. ఊరి మట్టిగుంట నుంచి తెచ్చి, గులకరాయి లేకుండా ఏరి, వెన్నలా మెదిపిన మట్టి. ఏళ్ల తరబడి కరిగి అడుగంతా పరుచుకుంది. ఇసుక దాని కింద పడిపోయి ఊపిరాడక ఉంది. నీళ్లకు లోపలికి దిగే దారే లేదు.

లింగవ్వ ఒడ్డునే కూలబడి ఏడ్చింది. కనకవ్వ బిడ్డ నీళ్లు తన చేతులతోనే మూసేశానని ఏడ్చింది. ఇన్నేళ్లూ ఒక్క మాటయినా ఎందుకు చెప్పలేదని వాగును నిలదీసింది.

వాగు రాళ్లచాటు నుంచి మెల్లగా వచ్చింది. "ప్రేమతోటి ఇచ్చినవు కదక్కా. వద్దని ఎట్లందును?"

లింగవ్వ కళ్లు తుడుచుకుని ఇంటికి పోయింది. ఆ ఏడు ఒక్క గుర్రం కూడా చెయ్యలేదు.

పండుగ రోజు ఊరంతా గుర్రాల కోసం ఆమె గుమ్మం ముందు నిలబడింది. అక్కడ అడుగున చిల్లున్న కుండలు రెండు మాత్రం ఉన్నాయి. ఒకదాంట్లో లింగవ్వ కడిగిన ఇసుక నింపింది. ఇంకోదాంట్లో బంకమట్టి నింపింది. రెండింట్లోనూ చెంబెడు నీళ్లు పోసింది. ఇసుక నీళ్లను గటగటా తాగి, చిల్లులోంచి తేటగా కిందికి దించింది. మట్టి మీద నీళ్లు పోసినవి పోసినట్టే నిలబడ్డాయి. కాసేపటికి ఎండకు ఆవిరైపోసాగాయి కూడా.

మన వాగు ఇప్పుడు రెండో కుండలా ఉందని లింగవ్వ చెప్పింది. తప్పు తనదేనని కూడా చెప్పింది. ఈ పండుగకు వాగులో ఏదీ వెయ్యొద్దు, వేసింది తీద్దాం అని అడిగింది.

ఆశయ్యకు ఇది అస్సలు మింగుడు పడలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే వాగుకు కోపం రాదా అన్నాడు. తాతలనాటి ఆచారం ఒక కుమ్మరామె మాట మీద మానేస్తామా అని కూడా అన్నాడు. వెనకున్నవాళ్లు తలలూపారు. లింగవ్వ ఆశయ్య వైపు తిరిగింది.

"తాతలు పిడికెడంత ఇచ్చిర్రు పటేలా. మనం దూడంత చేసినం. వాగుకు కావాలని చేసినమా? పక్కింటోళ్లకు కనబడాలని చేసినమా?"

ఆశయ్య మీసం దువ్వుకోవడం ఆపేశాడు.

లింగవ్వ ఇంకెవరి కోసమూ చూడలేదు. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి వాగులోకి దిగింది. రెండు చేతులా మట్టి ముద్దను పెకలించి తట్టలో వేసుకుని ఒడ్డుకు మోసింది. మళ్లీ దిగింది. మూడోసారి దిగేసరికి పక్కన నాలుగు నెలల కడుపుతో కనకవ్వ ఉంది. లింగవ్వ కసిరింది. కనకవ్వ వినలేదు. తట్ట ఎత్తను, ముద్ద అందిస్తాను అని అక్కడే నిలబడింది. అది చూశాక ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడటం ఎవరికైనా సిగ్గే. ఒకరి తర్వాత ఒకరు దిగారు. చివరికి ఆశయ్య కూడా పంచె పైకి కట్టాడు. తన ఇంటి గుర్రం ఏ మలుపు దగ్గర మునిగిందో ఆయనకు బాగా గుర్తుంది. సరిగ్గా అక్కడికే పోయి తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు పండుగ ఒక్క రోజుతో అయిపోలేదు. తొమ్మిది రోజులు సాగింది. పొద్దున్నే డప్పు మోగేది. అందరూ వాగులో బారులు తీరి తట్టలు అందుకునేవాళ్లు. మధ్యాహ్నం ఒడ్డున పెద్ద కుండల్లో జొన్న గటక, పచ్చిపులుసు. అందరూ కలిసి తినేవాళ్లు. కొంగలొచ్చి నాచు పీక్కుపోయాయి. తాబేళ్లు వీపుల మీద మట్టి మోశాయి. ఎండ్రకాయ మాత్రం పని చెయ్యకుండా అందరికీ పని పురమాయిస్తూ తిరిగింది. ఎక్కడో ఒకచోట అలాంటివాళ్లు ఉంటారు కదా.

తీసిన మట్టిని చేల గట్లకు వేసుకున్నారు. తొమ్మిదో రోజు సాయంత్రానికి వాగు అడుగున ఇసుక తెల్లగా మెరిసింది. వాగు గొంతు విప్పి గలగలా నవ్వింది. తనకింత తేలికగా ఎప్పుడూ లేదని ఒక్కొక్కరికీ పేరు పెట్టి చెప్పుకుంది. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పింది.

ఆ ఏడు మాఘం వచ్చినా వాగు పారింది, శివరాత్రి దాటింది. ఉగాది ముందు రోజు కనకవ్వకు ఆడపిల్ల పుట్టింది. నీళ్లు ఇంకా పారుతూనే ఉన్నాయి. కానీ పగళ్లు పొడుగవుతున్నాయి. సూరీడు ఏ రోజుకారోజు కిందికి వంగుతున్నాడు.

తర్వాత జరిగింది మనుషులెవరూ చూడలేదు. ఎండ్రకాయ చెప్పబట్టి మనకు తెలిసింది.

వాగుకు దిగులు పట్టుకుంది. సూరీడు చెడ్డవాడేం కాదు. మబ్బులకు నీళ్లు మొయ్యడం ఆయన పని, దాన్ని కాదనకూడదు. కానీ అన్నీ ఆయనకే ఇచ్చేస్తే, తన కోసం తొమ్మిది రోజులు నడుములు విరగ్గొట్టుకున్న వాళ్ల గతేమిటి? పొట్టతో నిలబడి మట్టి ముద్దలందించిన ఆ పిల్ల గతేమిటి?

అప్పుడు ఇసుక నోరు విప్పింది. "వాళ్లు నా ఒడి ఖాళీ చేసిర్రు కదా. రేణువు రేణువుకూ నడుమ సందుంది. వచ్చి నా ఒళ్ల కూసో. అయితే ఒకటి, కిక్కురుమనొద్దు. నువ్వు మాట్లాడితే సూరీడు వింటడు."

మాట్లాడకుండా ఉండటం మొగిలివాగుకు ఎంత కష్టమో మీకు తెలుసు కదా. అయినా సరేనంది. సూరీడు వచ్చిన రోజున మర్యాదగా ఎదురెళ్లింది. "పైనున్నదంతా నీదే సూరీడూ, తీసుకపో" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. సూరీడు పైనున్నదంతా తోడుకున్నాడు. ఒకసారి చెవి పెట్టి విన్నాడు. చప్పుడేమీ లేదు. వెళ్లిపోయాడు.

పాపకు పన్నెండో రోజు వచ్చేసరికి వాగు తెల్లగా ఎండి ఉంది. ఊరు మళ్లీ మూటలు కట్టింది. లింగవ్వ మాత్రం కట్టలేదు. కనకవ్వనూ పాపనూ ఆ దారి ఎక్కించనని తేల్చి చెప్పేసింది. ఇంట్లో మూడు బానల నీళ్లున్నాయి. అవి ఎన్నాళ్లొస్తాయని ఆశయ్య అడిగితే ఆమె బానల మీద మూతలు సర్దింది.

ఊరు కదలబోయే ముందు లింగవ్వ వాగు దగ్గరికి వెళ్లింది. ఆమెకు కోపమేమీ లేదు. ఉగాది దాకా నిలబడింది, బిడ్డకు తొలిస్నానం నీళ్లు ఇచ్చింది, ఆ మాట చెప్పి దండం పెట్టాలనుకుంది. చేతిలో పువ్వు కూడా తేలేదు. ఇచ్చి ఇచ్చి ఏం చేశామో చూసింది కదా.

వాగు పలకలేదు. లింగవ్వ మోకాళ్ల మీద కూర్చుని, జ్వరమొచ్చిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు ఇసుక మీద అరచెయ్యి పెట్టింది. పైన చుర్రుమని కాలింది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. వేళ్లు కొంచెం లోపలికి దిగాయి. లోపల చల్లగా ఉంది.

ఆమె తవ్వడం మొదలుపెట్టింది. పారతో కాదు, చేతులతో, మెల్లగా. మణికట్టు లోతున ఇసుక తడిగా తగిలింది. మోచేతి లోతున గుంట అడుగుకు నీళ్లొచ్చాయి. మసకగా ఉన్నాయి. లింగవ్వ వాటిని దోసిళ్లతో తోడి పక్కన పోసింది. ఓపిగ్గా కూర్చుంది. మళ్లీ ఊరాయి. ఈసారి తేటగా ఉన్నాయి. అందులో తన ముఖం కనబడింది. అప్పటికే అది తడిసి ఉంది.

రెండు చేతులూ జోడించి ఆ గుంట మీదికి వంగిపోయింది. "దాచినవా తల్లీ" అంది. వాగు జవాబివ్వలేదు. నీళ్లు మాత్రం ఇంకో వేలెడు పైకి ఊరాయి.

ఆమెను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు గుంటలో నీళ్లు చూశారు. కాసేపటికి ఒడ్డున ఎడ్లబండ్ల మీది మూటలు ఒక్కొక్కటే దిగాయి. మొట్టమొదట దింపినవాడు ఆశయ్య.

అప్పటినుంచే, ఎండాకాలంలో వాగు పైకి ఎండిపోయినట్టు కనబడినా, ఇసుకను చేత్తో తోడితే నీళ్లు ఊరతాయి. ఆ గుంటనే మనం చెలిమె అంటాం. మొదటి దోసిళ్లు మసకగా వస్తాయి, వాటిని తోడేసి ఓపిక పట్టినవాళ్లకు తేట నీళ్లు దొరుకుతాయి. చెత్త వేసి మూసేసిన చోట, ఇసుక ఎత్తుకుపోయిన చోట ఎంత తవ్వినా ఊరవు, అక్కడ వాగు కూర్చోవడానికి ఒడి లేదు. వానాకాలమంతా గలగలమనే వాగు అప్పటినుంచే ఎండాకాలంలో ఒక్క మాటా మాట్లాడదు. సూరీడికి వినబడకుండా, మన కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది.