ఒంటితో ఊపిరి తాగిన చెమ్మక్క

ఒకప్పుడు అడవిలో ఊపిరి ఊరికే దొరికేది కాదు. పొద్దున్నే కొండ మీదకు గాలిదొర వచ్చేవాడు. జంతువులన్నీ వరసలో నిలబడితే, ఒక్కొక్కరి ఊపిరితిత్తుల్లో ఆ రోజుకు సరిపడా గాలి నింపేవాడు.

ఆ కొండ కింద, పడిపోయిన మద్దిచెట్టు దుంగ అడుగున, చెమ్మక్క అనే సాలమాండర్ ఉండేది. సాలమాండర్ అంటే చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ, కప్పలకు చుట్టం. చెమ్మక్క మొగుడి పేరు నూకరాజు.

ఒక వానాకాలం చెమ్మక్క గుడ్లు పెట్టింది. కాస్త పక్కకు జరిగితే చాలు, చీమలు వచ్చి పడుతున్నాయి.

"ఏమయ్యా, కాసేపు గుడ్లు చూస్తూ ఉండు. కొండెక్కి వస్తా."

"గుడ్లు కాయడం మగాడి పనా? నలుగురూ నవ్వుతారే! నీ వాటా కూడా నేనే తెస్తాలే," అన్నాడు నూకరాజు.

తెచ్చాడు కూడా, సగం దారిదాకా. అక్కడ కప్పలు కలిశాయి. సంసారం మోయడం ఎంత కష్టమో వాటికి చెప్పి చెప్పి, పెళ్లాం ఊపిరి కూడా మాటల్లో ఖర్చు చేసేశాడు.

"నా వాటా ఏదయ్యా?"

"రేపు తెస్తాలేవే," అని ఆవలించి పడుకున్నాడు.

చెమ్మక్కకు కళ్లు తిరిగాయి. కదిలితే గుడ్లు పోతాయి. కదలకపోతే ప్రాణం పోతుంది.

"అమ్మీ, నా పొట్టకు ఆనుకో," అంది పైనుంచి దుంగవ్వ. "కుళ్లిపోయిన ముసలిదాన్నని అందరూ నన్ను దాటిపోతారు. నా లోపల ఎన్నేళ్ల వానో దాగుంది. ఆ తడిలో గాలీ ఉంది. నోటితో రాదు, ఒంటితో తాగాలి."

చెమ్మక్క గుడ్లను చుట్టుకుని, దుంగకు వీపు ఆనించింది. తోలు తడిసింది. చల్లగా, మెల్లగా, ఒళ్లంతా ఊపిరి!

మర్నాడు గాలిదొర రుసరుసలాడుతూ దిగొచ్చాడు. "వరసలో నిలబడనిదానికి ఊపిరితిత్తులెందుకు? ఇచ్చెయ్!"

"పట్టుకెళ్లు దొరా, ఈ ఇరుకింట్లో వాటికి చోటు దండగ," అంది చెమ్మక్క. "మా ఆయనవి కూడా తీసుకెళ్లు. రెండు వాటాలు పీల్చి పాపం అలిసిపోయాయి."

ఊపిరితిత్తులతోపాటు ఇద్దరి గొంతులూ పోయాయి. నూకరాజు నోరు తెరిచాడు. చప్పుడు లేదు. తోక ముడుచుకుని దుంగ కిందికి దూరాడు. చెమ్మక్కకు మాటతో పని పడలేదు. గుడ్ల పక్కన చీమలొచ్చే వైపు ఖాళీ ఉంటే, తోకతో మొగుడికి అక్కడ చోటు చూపించింది.

అప్పటినుంచే ఆ అడవి సాలమాండర్లకు ఊపిరితిత్తులు లేవు, అరుపూ లేదు. పాత దుంగలు ఎక్కడ కుళ్లుతూ పడి ఉంటాయో, అక్కడే తడి తోలుతో బతుకుతాయి. అడవిని శుభ్రం చేస్తామని ఆ దుంగల్ని ఎత్తుకుపోయేవాళ్లు, కట్టె మోస్తున్నామనే అనుకుంటారు. వాళ్ల భుజం మీద వెళ్లిపోయేది చెమ్మక్క ఊపిరి. ఆపమని అరవడానికి ఆమెకు గొంతు లేదు. మీకుంది కదా!